పాత బస్సెక్కాలనే తపన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఈ శీర్షిక కింద, లండన్ నగరంలో ఒకప్పుడు తిరిగి ఇప్పుడు అభిమానుల సంరక్షణలో ఉన్న ఎర్ర డబుల్ డెక్కర్ బస్సుల గురించి ఒక చిన్న జవాబు రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాలు చూశాక, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించడం న్యాయమనిపించింది. రాసినవారిలో విశ్రాంత కండక్టర్లు, డిపో మెకానిక్కులు, విదేశాల్లో చదువుకుంటున్న విద్యార్థులు, చిన్ననాడు సికింద్రాబాదు నుంచి జూపార్కు దాకా పైడెక్కు ముందు సీటులో కూర్చుని వెళ్లినవారు ఉన్నారు. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. నేను అక్కడికి వెళ్లినప్పుడు ఒక ఆదివారం నాడు పాత ఎర్ర బస్సు ఒకటి స్టాపులో ఆగింది. నెరిసిన తలల పెద్దమనుషులు పిల్లల్లా పరుగెత్తి ఎక్కారు. వారికి ఎక్కడా పని ఉన్నట్టు లేదు. చివరి దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వచ్చారు. ఒక పాత బస్సులో అంతగా ఏముంటుంది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు చూసినది బహుశా రూట్‌మాస్టర్ బస్సు అయి ఉంటుంది. అంగడిలో దొరికినదాన్ని కొని తెచ్చుకోకుండా, లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ తన ఇంజనీర్ల చేతనే, తన వీధులకూ తన సిబ్బందికీ సరిపోయేలా రూపొందించుకున్న బండి అది. ఎ.ఎ.ఎం. డ్యూరంట్ నాయకత్వంలో ఇంజనీర్లు దాని నిర్మాణాన్ని చూసుకుంటే, డగ్లస్ స్కాట్ అనే రూపశిల్పి దాని ఆకారాన్నీ లోపలి రంగులనూ తీర్చిదిద్దాడు. మొదటి నమూనా బండిని 1954 సెప్టెంబరులో ప్రదర్శనకు పెట్టారు. 1956 ఫిబ్రవరిలో అది ప్రయాణికులతో రోడ్డెక్కింది. 1968లో తయారీ నిలిచిపోయే నాటికి మొత్తం 2,876 బండ్లు బయటికి వచ్చాయి.

దీని పుట్టుకలో యుద్ధం పాత్ర కూడా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్ ట్రాన్స్‌పోర్ట్ వారి కర్మాగారాలు మరికొన్ని సంస్థలతో కలిసి 710 హాలిఫాక్స్ బాంబర్ విమానాలను తయారుచేశాయి. పల్చని అల్యూమినియం రేకులతో, బరువు పెరగకుండా, గట్టి చట్రాన్ని నిర్మించే విద్య అక్కడివారికి అలా పట్టుబడింది. అంతకు ముందున్న ఆర్‌టీ రకం బస్సులో 56 సీట్లుండగా రూట్‌మాస్టర్‌లో 64 సీట్లు అమర్చగలిగారంటే, అయినా బండి బరువెక్కలేదంటే, అది విమానాల దగ్గర నేర్చిన పాఠం ఫలితమే. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, పవర్ స్టీరింగు, తనంతట తాను మారే గేర్లు 1950ల నాటి సిటీ బస్సులో ఉన్నాయంటే, రోజంతా ఇరుకు వీధుల్లో స్టీరింగు తిప్పే డ్రైవరు భుజాల గురించి ఎవరో శ్రద్ధగా ఆలోచించారన్నమాట.

అయితే ఈ వివరాలన్నీ మ్యూజియంలో పలక మీద చదువుకోవచ్చు. ఆ పెద్దమనుషులు చూసి తృప్తిపడి వెళ్లిపోకుండా ఎక్కి కూర్చున్నారంటే, వారికి కావలసినది ప్రయాణమే. బస్సు ఆగి ఉన్నప్పుడు ఇంజను చేసే గుడగుడ, దానికి తగ్గట్టు కిటికీ అద్దాల్లో పుట్టే వణుకు, బయలుదేరగానే గేరుబాక్సులో మొదలై వేగంతోపాటు పై స్థాయికి సాగే సన్నని ధ్వని, వెనకవైపు తలుపులేని ఫుట్‌బోర్డు మీద నిలబడితే ముఖాన తగిలే గాలి, పైకి మెట్లెక్కుతుండగా మలుపు వస్తే చెయ్యి తనంతట తాను కమ్మీని వెతుక్కోవడం, ఇవన్నీ బండి కదిలితేనే అనుభవంలోకి వస్తాయి. చిన్నప్పుడు ఏళ్ల తరబడి అదే బస్సులో బడికి వెళ్లిన మనిషికి, ఆ కుదుపులు ఒంట్లో ఎక్కడో దాగి ఉంటాయి. నలభై ఏళ్ల తరువాత ఆ బస్సు ఎక్కి కూర్చుంటే, ఎదుటి మలుపు రాకముందే ఒళ్లు ఒకవైపుకు ఒరుగుతుంది. ఫొటో చూస్తే ఈ పని జరగదు.

నేను 2011లో లండన్ వెళ్లినప్పుడు, ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ హిల్ దాకా 15వ నంబరు మార్గంలో నడిచిన పాత రూట్‌మాస్టర్ ఎక్కాను. మామూలు సర్వీసులన్నిటినుంచీ ఆ బస్సులను 2005 డిసెంబరు 9న ఉపసంహరించినా, అదే ఏడాది నవంబరు నుంచి 9, 15 నంబర్ల మార్గాల్లో కొంత దూరం మేరకు, మామూలు సిటీ బస్సు చార్జీకే, వారసత్వ సర్వీసులుగా వాటిని తిప్పారు. నా పక్క సీటులోని వృద్ధుడు ఇంజను శబ్దం విని, ఇది తరువాతి కాలంలో అమర్చిన కమిన్స్ ఇంజను అనీ, మొదట్లో ఏఈసీ అనే కంపెనీ చేసిన అసలు ఇంజను గొంతు ఇంతకంటే లోతుగా ఉండేదనీ చెప్పాడు. ఆ మాట ఫిర్యాదులా లేదు. కొత్త పళ్లు కట్టించుకున్న బాల్యమిత్రుడిని పలకరించినట్టు ఉంది. సెయింట్ పాల్స్ చర్చి దాటేవరకూ ఆయన నాకు ఏ భవనాన్నీ చూపించలేదు. సీటు బట్ట, కిటికీ తిప్పే పిడి, పైకప్పుకు వేసిన లేత పసుపు రంగు, వీటినే చూపిస్తూ వచ్చాడు. పైడెక్కులో పొగ తాగడానికి అనుమతి ఉన్న కాలం కాబట్టి, పొగ పట్టినా తెలియకుండా ఆ పసుపు రంగు వేశారని ఆయన నమ్మకం. 9వ నంబరు వారసత్వ సర్వీసు 2014లో ఆగింది. 15వ నంబరు సర్వీసును 2019లో వేసవి వారాంతాలకూ సెలవు దినాలకూ పరిమితం చేశారు. కోవిడ్ తరువాత అది తిరిగి రాలేదు. ఆ కబురు విన్న రోజు నాకు ఆ వృద్ధుడే గుర్తుకొచ్చాడు.

ప్రశ్న: నేను 34 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మేము "రైట్ రైట్" అన్నా, తాడు లాగి గంట కొట్టినా డ్రైవరన్నకు అర్థమయ్యేది. లండన్ కండక్టర్ల పద్ధతి ఎలా ఉండేది?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: మీ ప్రశ్న చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. రూట్‌మాస్టర్‌లో డ్రైవరు గది ముందువైపు, ఇంజను పక్కన, ఒక్క మనిషికి సరిపడా వేరుగా ఉంటుంది. ప్రయాణికులుండే భాగం నుంచి అందులోకి దారి లేదు. కాబట్టి "రైట్ రైట్" అని ఎంత గట్టిగా అరిచినా డ్రైవరుకు వినబడదు. గంట ఒక్కటే వారిద్దరి మధ్య భాష. ఒక గంటకు తరువాతి స్టాపులో ఆపమని, రెండింటికి పోనివ్వమని, మూడింటికి బస్సు నిండింది కాబట్టి స్టాపుల్లో ఆగనక్కరలేదని, నాలుగింటికి ఏదో ప్రమాదం జరిగిందని అర్థం. రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఈ నాలుగు సంకేతాలతో ఇద్దరు మనుషులు ఒక బండిని నడిపించేవారు.

మన కండక్టర్లు బస్సు ఆపడానికి అనే "హోల్డాన్" ఇంగ్లీషు మాటే. లండన్ కండక్టర్లకు దానికి దగ్గరి చుట్టం లాంటి మాట ఒకటుంది. రెండు గంటలు కొట్టేముందు "హోల్డ్ టైట్" అని, నిలబడ్డవారిని కమ్మీ గట్టిగా పట్టుకోమని హెచ్చరించేవారు. టికెట్ల సంగతి మాత్రం వేరు. మీరు రంగురంగుల టికెట్ల కట్టలు చేతపట్టుకుని చింపి ఇచ్చినట్టు కాక, వారు గిబ్సన్ యంత్రాన్ని మెడకు తగిలించుకుని, చార్జీ, స్టేజీ అంకెలు తిప్పి, పిడి ఒక్క చుట్టు తిప్పితే కాగితపు చుట్ట నుంచి టికెట్టు అచ్చయి వచ్చేది. ఆ యంత్రాలు 1953 నుంచి 1993 దాకా వాడుకలో ఉన్నాయి. ఇప్పుడు పాత బస్సులు తిరిగే రోజుల్లో అభిమానులు ఆ యంత్రాన్ని మెడకు తగిలించుకుని, టోపీ పెట్టుకుని, ప్రతి ప్రయాణికుడికీ టికెట్టు తిప్పి ఇస్తారు. ఆ టికెట్టును పారేసేవారు ఉండరు.

ఇంకొక మాట. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ వారు బార్బడోస్ దీవికి వెళ్లి మరీ సిబ్బందిని ఎంపిక చేసుకున్నారు. తరువాతి ఏళ్లలో భారతదేశం నుంచి వలస వెళ్లినవారు కూడా ఎందరో కండక్టర్లుగా, డ్రైవర్లుగా ఆ డిపోల్లో చేరారు. అందువల్ల ఆ బస్సుల జ్ఞాపకం ఆంగ్లేయులది మాత్రమే అనుకోవద్దు. కొత్త దేశంలో మొదటి జీతం ఆ ఫుట్‌బోర్డు మీద నిలబడి సంపాదించిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: అరవై ఏళ్ల నాటి బండిని ఇప్పటికీ రోడ్డు మీద తిప్పుతున్నారంటే మెకానిక్కుగా నాకు నమ్మశక్యంగా లేదు. విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ బస్సును విప్పడానికి వీలుగానే కట్టారన్నది అసలు రహస్యం. రూట్‌మాస్టర్‌కు మామూలు బస్సుకుండే పొడవాటి చాసిస్, అంటే అడుగు చట్రం, లేదు. ఇంజను, స్టీరింగు, ముందు సస్పెన్షన్ ఒక చిన్న చట్రం మీద, వెనక యాక్సిల్, సస్పెన్షన్ మరో చట్రం మీద అమర్చి, ఆ రెండింటినీ బాడీకి బిగిస్తారు. ప్రతి భాగాన్నీ ఒకే కొలతకు చేసినందువల్ల, ఏ బండి భాగమైనా మరో బండికి అతుకుతుంది.

లండన్ శివార్లలో ఆల్డెన్‌హామ్ అనే చోట ఒక మహా వర్క్‌షాపు ఉండేది. భూగర్భ రైలు డిపో కోసం కట్టడం మొదలుపెట్టి, ఆ రైలు మార్గం రద్దయ్యాక, బస్సులను పూర్తిగా విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ కోసం వాడుకున్న ప్రాంగణమది. బస్సు లోపలికి రాగానే బాడీని చట్రాల నుంచి వేరుచేసి, క్రేన్లతో ఎత్తి, బాడీ ఒక దారిన, చట్రాలు మరో దారిన పంపేవారు. ఏ పని ముందు పూర్తయితే దాన్ని తీసుకుని జోడించేవారు. ఫలితంగా లోపలికి వెళ్లిన నంబరు బయటికి వచ్చేసరికి దానికింద ఉన్న బాడీ వేరొకటి అయ్యేది. ఈ రోజు ఒక అభిమాని గర్వంగా చూపించే బండిలో, నంబరు పలక ఒక బస్సుది, బాడీ రెండో బస్సుది, గేరుబాక్సు మూడో బస్సుది కావడం చాలా మామూలు. ఏది "అసలు" బస్సని వారిలో వారికి వాదనలు జరుగుతుంటాయి. నా మట్టుకు నాకు, ఆ బస్సుల పద్ధతే అది కాబట్టి, అలా కలిసిపోయిన బండే నిజమైన రూట్‌మాస్టర్ అనిపిస్తుంది.

ఆల్డెన్‌హామ్ 1986లో మూతపడింది. ఆ బండ్ల యాంత్రిక భాగాలు తయారుచేసిన సౌతాల్‌లోని ఏఈసీ కర్మాగారం అంతకు ముందే, 1979లో మూతపడింది. అయినా వెయ్యికి పైబడి రూట్‌మాస్టర్లు మిగిలి ఉన్నందువల్ల, తుక్కుకు పోయిన బండ్ల నుంచి తీసిన భాగాలను అభిమానులు దాచిపెట్టుకుని ఒకరికొకరు అందించుకుంటారు. దొరకనివాటిని పోత పోయించుకుంటారు. ఇంతకంటే పాతదైన ఆర్‌టీ బస్సు సంగతి మీకు మరింత నచ్చుతుంది. అందులో డ్రైవరు చిన్న మీటను తిప్పి తరువాతి గేరును ముందే ఎంచుకుని పెట్టుకుంటాడు. అవసరమైన క్షణంలో పెడల్ తొక్కితే ఆ గేరు పడుతుంది. 1979 ఏప్రిల్ 7న చివరి ఆర్‌టీ లండన్ సర్వీసు నుంచి తప్పుకుంది. ఇప్పుడు దాన్ని నడపాలంటే ఆ విద్య తెలిసిన పాత డ్రైవర్ల దగ్గర కొత్తవారు నేర్చుకోవలసిందే. బండి తిరుగుతున్నంతకాలం ఆ విద్య కూడా బతుకుతుంది.

ప్రశ్న: నేను వీల్‌చెయిర్ వాడతాను. మీరు ఇంతగా మెచ్చుకుంటున్న ఆ బస్సును నేను ఎక్కనే లేను. అటువంటి బస్సు పోయినందుకు బాధపడటం సబబేనా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ మాటలో పూర్తి న్యాయం ఉంది. రూట్‌మాస్టర్ ఫుట్‌బోర్డు ఎత్తు, దాని మీది కమ్మీ, ఇరుకైన నడవ, ఇవేవీ వీల్‌చెయిర్‌లో ఉన్నవారికీ, పసిపిల్లల బండి తోసుకొచ్చే తల్లికీ, మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలివారికీ అనువైనవి కావు. కదులుతున్న బస్సులోకి ఎగిరి ఎక్కడం, దూకి దిగడం యువకులకు సరదాగా ఉండేది గాని, అలా జారిపడి గాయపడినవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. ప్రజల పన్నులతో నడిచే రోజువారీ బస్సు అందరినీ ఎక్కించుకోవాలి. అందువల్ల 2005లో వాటిని మామూలు సర్వీసుల నుంచి తీసి, నేలకు దగ్గరగా ఉండే బస్సులు పెట్టడం సరైన నిర్ణయమే. కండక్టరు జీతం మిగుల్చుకోవాలన్న లెక్క కూడా ఆ నిర్ణయం వెనక ఉందన్నది వేరే సంగతి.

ఆ బస్సు మీది మమకారం ఎంత బలమైనదంటే, 2008 నాటి లండన్ మేయరు ఎన్నికల్లో కొత్త రూట్‌మాస్టర్ తెస్తానన్నది ఒక ప్రధాన వాగ్దానమైంది. థామస్ హెదర్‌విక్ స్టూడియో రూపకల్పనతో, తెరిచిన వెనక ఫుట్‌బోర్డుతో, వీల్‌చెయిర్‌కు చోటుతో ఆ కొత్త బస్సు 2012 ఫిబ్రవరిలో 38వ నంబరు మార్గంలో మొదలైంది. మొత్తం 1,000 బండ్లు చేశారు. కాని వెనక తలుపు తెరిచి ఉంచాలంటే రెండో మనిషి కావాలి; ఆ ఖర్చు భరించలేక 2016లో ఆ సిబ్బందిని తొలగించారు. అప్పటి నుంచి వెనక తలుపు మూసే నడుపుతున్నారు. దీని నుంచి నాకు అర్థమైనదేమిటంటే, జ్ఞాపకం కోసం కొత్త బస్సు కట్టడం కంటే, మిగిలిన పాత బస్సును ఏడాదికి కొన్ని రోజులు శ్రద్ధగా తిప్పడం మేలు. మీరు ఎక్కవలసిన బస్సుకు అది అడ్డు రాదు.

ప్రశ్న: ఎవరూ నివసించని ఊరికి లండన్ బస్సులు వెళ్తాయని మా చెల్లెలు చెప్పింది. నిజమేనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నిజమే. ఈ మొత్తం వ్యవహారంలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన సంగతి కూడా అదే.

ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, సాలిస్‌బరీ మైదానం నడుమ ఇంబర్ అనే చిన్న పల్లె ఉండేది. 1943 నవంబరు 1న ఊరివారందరినీ బడిలో సమావేశపరిచి, అమెరికా సైనికుల శిక్షణ కోసం 47 రోజుల్లో ఊరు ఖాళీ చేయాలని చెప్పారు. ఇంచుమించు 150 మంది ఇళ్లు వదిలి వెళ్లారు. యుద్ధం ముగిశాక తిరిగి రావచ్చని వారు నమ్మారు గాని, ఆ ఊరు ఇప్పటికీ సైన్యం అధీనంలోనే ఉంది. చాలా ఇళ్లు కూలిపోయాయి. వాటి స్థానంలో సైనికుల సాధన కోసం కట్టిన కిటికీలు లేని కట్టడాలు నిలబడి ఉన్నాయి. సెయింట్ జైల్స్ చర్చి మాత్రం నిలిచింది. ఏడాదిలో కొద్ది రోజులే ఆ రోడ్డును ప్రజలకు తెరుస్తారు. రోడ్డు పక్కన, పేలని గుండ్లు ఉండవచ్చునన్న హెచ్చరిక పలకలు కనబడతాయి.

2009లో కొందరు బస్సు అభిమానులు, వార్మిన్‌స్టర్ రైల్వేస్టేషన్ నుంచి ఆ ఊరికి ఒక్క రోజు రూట్‌మాస్టర్లు నడిపారు. ఆ బృందంలో అప్పటి లండన్ రవాణా సంస్థ కమిషనర్ పీటర్ హెండీ కూడా ఒకరు. ఆయనకు సొంత రూట్‌మాస్టర్ ఉంది. అప్పటి నుంచి అది ఇంచుమించు ఏటా వేసవిలో జరిగే బస్సుల పండుగ అయింది. సరదా కోసం చేసే యాత్ర అయినా, దాన్ని మామూలు సర్వీసులాగే అధికారికంగా నమోదు చేయించి, టైంటేబులు వేసి, నంబరు పలక పెట్టి నడుపుతారు. ఒక్క టికెట్టుతో రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. మిగిలిన సొమ్ము ఆ చర్చి మరమ్మతులకూ, సైనిక సంక్షేమానికీ వెళ్తుంది.

మీరు ఆ దృశ్యాన్ని ఊహించండి. చెట్టూ చేమా పెద్దగా లేని గడ్డి మైదానం. అక్కడక్కడా తుప్పు పట్టిన యుద్ధ ట్యాంకులు. వాటి మధ్య మలుపులు తిరిగే దారిలో ఎర్ర డబుల్ డెక్కర్లు ఒకదాని వెనక ఒకటి, నిండా జనంతో, గేరుబాక్సు పాట పాడుకుంటూ పోతుంటాయి. జనమున్న చోటికి బస్సు వెళ్లడం మనకు తెలుసు. ఇక్కడ బస్సు వెళ్తుంది కాబట్టే జనం ఆ ఊరికి చేరుతున్నారు. ఇంబర్‌లో పుట్టి వెళ్లగొట్టబడినవారి పిల్లలు, మనుమలు కూడా ఆ బస్సుల్లో వెళ్లి తమ పెద్దల సమాధులకు దండం పెట్టుకోగలుగుతున్నారంటే, పాత బస్సుల మోజును ఎవరూ చులకన చేయలేరు.

ప్రశ్న: హారోలో ఉంటున్న విద్యార్థిని. ఇప్పుడు నేను పాత బస్సు ఎక్కాలంటే ఎక్కడికి వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, లండన్

జవాబు: కోవెంట్ గార్డెన్‌లోని లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో 1910లలో తిరిగిన బి-టైప్ బస్సు మొదలు చాలా బండ్లు చూడవచ్చు, కాని అక్కడ అవి నిలిచే ఉంటాయి. ఎక్కి తిరగాలంటే వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్‌లో ఉన్న లండన్ బస్ మ్యూజియంకు, అక్కడ బస్సులు తిప్పే రోజు చూసుకుని వెళ్లండి. ఆ మ్యూజియం 2011లో ఆ చోటికి వచ్చింది. దాన్ని నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలే. వేసవిలో పాత మార్గాల మీద పాత బస్సులు తిప్పే ప్రత్యేక దినాలను అభిమాన సంఘాలు ముందుగానే ప్రకటిస్తాయి. పైడెక్కులో ముందు సీటు కావాలంటే పెందలాడే వెళ్లండి. ఆ సీటు కోసం అరవై దాటినవారే ముందు వరుసలో ఉంటారు.

ప్రశ్న: చిన్నప్పుడు మా నాన్నతో 7జెడ్ నంబరు డబుల్ డెక్కర్‌లో జూపార్కుకు వెళ్లేదాన్ని. మన హైదరాబాదులో అటువంటి బస్సు ఒక్కటైనా మిగిలిందా? మనం లండన్ వారిలా ఎందుకు చేయలేకపోయాం?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాదు

జవాబు: అమ్మా, మీ ప్రశ్ననే నేను కూడా చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మా మేనమామ వేలు పట్టుకుని, సికింద్రాబాదులో ఆ బస్సెక్కి, ట్యాంక్‌బండ్ మీదుగా, ఆబిడ్స్, అఫ్జల్‌గంజ్, హైకోర్టు దాటి వెళ్లిన దారి నాకు ఇప్పటికీ పైడెక్కు ఎత్తు నుంచే కనిపిస్తుంది. చెట్టుకొమ్మలు ముందు అద్దానికి తగిలినప్పుడు తల వంచుకునేవాళ్లం. హుస్సేన్‌సాగర్ ఆ ఎత్తు నుంచి మరింత పెద్దగా కనిపించేది.

చరిత్ర తక్కువైనందువల్ల మనం వెనకబడలేదు. నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ప్రభుత్వమే ప్రజలకు బస్సులు నడపడం మన దేశంలో అదే తొలిసారి. ఆ తొలి బస్సులు స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో తయారైన ఆల్బియన్ బండ్లు. ఆ విభాగమే 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలోకి వచ్చింది. బస్సుల రిజిస్ట్రేషన్ నంబరులో కనబడే "జెడ్" అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం గౌరవార్థం పెట్టినదని పెద్దలు చెప్పుకుంటారు. ఆల్బియన్‌ను 1951లో, రూట్‌మాస్టర్ చేసిన ఏఈసీని 1962లో లేలాండ్ అనే బ్రిటిష్ సంస్థ కలుపుకుంది. ఆ లేలాండ్ చేయూతతో ఎదిగిన అశోక్ లేలాండ్, 1967లో మన దేశపు నగరాల కోసం టైటాన్ డబుల్ డెక్కర్‌ను తెచ్చింది. అంటే లండన్ అభిమానులు ముద్దుచేసే బస్సులూ, మనం వదులుకున్న బస్సులూ దాయాదులే.

నిజాం కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి భద్రంగా నిలిచింది, సంతోషం. కాని మీరూ నేనూ తిరిగిన డబుల్ డెక్కర్లు 2000 దశకం తొలి ఏళ్లలో రోడ్ల మీద నుంచి మాయమయ్యాయి. వాటిలో ఒక్కదాన్నైనా నడిచే స్థితిలో ఉంచుకోవలసింది. కాలం చెల్లిన బండిని వేలం వేయడం ఆర్టీసీ లెక్కల్లో మామూలు పని. దాన్ని అడిగి తీసుకుని, షెడ్డు వేసి, నెలకొకసారి ఇంజను తిప్పే అభిమాన సంఘం మనకు లేకపోయింది. లండన్‌లో బస్సులు బతికింది ప్రధానంగా అటువంటి మామూలు మనుషుల వల్లే. ముంబయిలో ఈ స్పృహ కొంత ముందుగా కలిగింది. 1937 నుంచి తిరిగిన అక్కడి డబుల్ డెక్కర్లలో చివరి డీజిల్ బండి 2023 సెప్టెంబరు 15న సెలవు తీసుకుంది. ఆ చివరి ప్రయాణానికి బస్సును పూలతో అలంకరించారు. అభిమానులు కిక్కిరిసి ఎక్కారు. అంతకుముందే, కనీసం రెండు బండ్లనైనా ఆణిక్ డిపోలోని మ్యూజియంలో ఉంచాలని వారు ఆ నగర బస్సులు నడిపే బెస్ట్ సంస్థకు లేఖలు రాశారు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదుకు మూడు విద్యుత్ డబుల్ డెక్కర్లు వచ్చాయి, ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల తిరిగాయి. 2025 ఆగస్టులో విశాఖపట్నం సముద్రతీరంలో కూడా అటువంటివి మొదలయ్యాయి. నేను హైదరాబాదు బస్సు ఎక్కాను. చల్లని గాలి వేసే ఏసీ, కుదుపులేని నడక, శబ్దమే లేని మోటారు. పిల్లలు కేరింతలు కొట్టారు, అది వారి జ్ఞాపకం అవుతుంది. మీకూ నాకూ కావలసిన గుడగుడ మాత్రం అందులో లేదు.

ఏదైనా జిల్లాలో, ఏదైనా తుక్కు యార్డులో, గుడిసెగానో హోటలుగానో మారిపోయిన పాత డబుల్ డెక్కర్ బాడీ కనబడితే, దయచేసి ఫొటో తీసి, ఊరి పేరుతో సహా మాకు పంపండి. 7జెడ్ పాత టికెట్లు, రూటు బోర్డులు, మీ ఇంటి ఆల్బంలో ఆ బస్సు కనబడే ఫొటోలు ఉంటే వాటి ప్రతులు కూడా పంపండి. వచ్చిన వాటన్నిటినీ వచ్చే సంచికలో ప్రచురిస్తాము. ఉత్తరం మీద "డబుల్ డెక్కర్" అని రాయడం మరవకండి.